తూకంలో దొరకని అర పాయింటు: ఒక ఎయిర్ రైఫిల్ కేసు

నేపథ్యం

నల్లగొండ ప్రాంతంలో ఒక చిన్న పట్టణం. రేకుల షెడ్డులో నడిచే మా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజి. షూటర్ ఇంటర్ చదివే అమ్మాయి, నాలుగో ఏడు సాధన. రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మంచి జర్మన్ మ్యాచ్ రైఫిలే, గాలి సిలిండర్‌తో నడుస్తుంది, గేజ్ మీద 200 బార్ (గాలి పీడనం కొలత) దాకా నింపుకోవచ్చు. ఊళ్లో కంప్రెసర్ లేదు కాబట్టి ఇంట్లో చేతిపంపుతోనే గాలి కొట్టేవారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని వదిలేశాను, కొలతలు మాత్రం నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

కొత్తవారి కోసం లెక్క ఒకటి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతి మాటలు అర్థం కావు. పది మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ (ఈ రైఫిల్‌లో వాడే చిన్న సీసపు గుండు) వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ నడిబొడ్డు చుక్క నడిబొడ్డు మీద పడితే 10.9, అక్కడి నుంచి 2.5 మి.మీ. జరిగితే 10.0. అంటే ప్రతి పావు మిల్లీమీటరుకూ 0.1 పోతుంది. 2013కు ముందు క్వాలిఫికేషన్‌లో, అంటే ఫైనల్‌కు ముందు రౌండులో, 10.0 అయినా 10.9 అయినా పదే. ఆ తర్వాత దశాంశాలు కూడా లెక్కలోకి వచ్చాయి, 60 షాట్లకు గరిష్ఠం 654. ఇప్పుడు ఒక్క మిల్లీమీటరు అంటే 0.4.

వచ్చిన సమస్య

స్కోరు 610 దగ్గర ఆగిపోయింది. ఎనిమిది నెలలుగా అంతే. సాధనలో వరసగా 10.5, 10.6, 10.4 పడుతూ ఉండగా ఉన్నట్టుండి ఒక షాట్ పన్నెండు గంటల దిక్కుకు పోయి 10.0 లేదా 9.9 అవుతుంది. ఎడమకూ కుడికీ పోదు, కిందికీ పోదు, ఎప్పుడూ పైకే. అరవై షాట్లలో ఇలాంటివి ఎనిమిదో పదో ఉంటాయి. ట్రిగ్గర్ శుభ్రంగా వదిలానని, గురి కూడా నడుమనే ఉందని అమ్మాయి చెబుతుంది.

రేంజికి వచ్చినప్పుడు వాళ్ల నాన్న చేతిలో మూడు పెల్లెట్ డబ్బాలు ఉన్నాయి. ఒక్కోదాని మీద మార్కర్‌తో 0.52, 0.53, 0.54 అని రాసి ఉంది. "ఒక్కొక్క గుండు కాంటా మీద పెట్టి ఏరినం సార్. పదిహేను వందల గుండ్లు. 0.53 డబ్బాలయే వాడుతున్నది. అయినా పైకే పోతున్నయి" అన్నారు. మేనమామకు బంగారం దుకాణం ఉంది, కాంటా అక్కడిది.

ఆయన ఆలోచన తప్పేమీ కాదు. పెల్లెట్ బరువు మారితే వేగం మారుతుంది, వేగం మారితే షాట్ పైకో కిందికో పోతుంది. నిలువునా పడే తప్పుకు బరువును అనుమానించడం సరైన మొదలే. కాబట్టి ఆయన పనిని పక్కన పెట్టకుండా అక్కడి నుంచే మొదలుపెట్టాం.

కాంటా ఏం చెప్పగలదు

బంగారం దుకాణం కాంటా అతి చిన్న మెట్టు 0.01 గ్రాము, అంటే 10 మిల్లీగ్రాములు. తులాల లెక్కకు అది చాలు. మన పెల్లెట్ మొత్తం బరువే 0.53 గ్రాము. వెనక కాలంలో బంగారం తూచిన గురిగింజలతో చెప్పాలంటే నాలుగు గింజలకు కొంచెం పైన. ఆ కాంటా 0.53 అని చూపిందంటే అసలు బరువు 525 నుంచి 535 మిల్లీగ్రాముల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

మొదట అదే కాంటాతో ఒక చిన్న పరీక్ష చేశాం. తెల్ల కాగితం మీద గళ్లు గీసి, నంబర్లు వేసి, నలభై పెల్లెట్లు పెట్టి తూచాం. మర్నాడు పాత అంకెలు చూడకుండా అవే నలభై మళ్లీ తూచాం. నలభైలో పదిహేడు గడి మారిపోయాయి. నిన్న 0.52 అయినది ఇవాళ 0.53, నిన్న 0.54 అయినది ఇవాళ 0.53. గుండు మారలేదు, కాంటా చెప్పేది మారింది. ఇంట్లో తూచింది ఏప్రిల్‌లో, ఎదురుగా కూలర్ పెట్టుకొని, చెక్క బల్ల మీద. కూలర్ గాలికి పళ్లెం కదులుతుంది. ఆన్ చేసిన వెంటనే తూచితే లోపలి సెన్సర్ వేడెక్కే దాకా సున్నా జరుగుతూనే ఉంటుంది. పైగా ఇలాంటి కాంటాల్లో సున్నా దగ్గర చిన్న తేడా వస్తే దాన్ని తనంతట తానే మింగేసి మళ్లీ 0.00 చూపే ఏర్పాటు ఉంటుంది. అందుకే ఖాళీ పళ్లెం సున్నా చూపుతున్నంత మాత్రాన నమ్మకూడదు. తెలిసిన తూకపు బిళ్ల పెట్టి ప్రతి ఇరవై పెల్లెట్లకు ఒకసారి చూడాలి.

తర్వాత ఆ నలభై పెల్లెట్లనే ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో, అద్దాల తలుపులున్న బ్యాలెన్స్ మీద తూచాం. మెట్టు 0.1 మిల్లీగ్రాము, బల్ల షాబాద్ బండది. అర గంట ముందే ఆన్ చేసి, ఫ్యాన్ ఆపి, ప్లాస్టిక్ చిమటాతో తల వైపు పట్టుకొని పెట్టాం. వెనక పావడా లాంటి పలచని అంచు నొక్కుకుపోతే ఆ పెల్లెట్ పనికిరాదు. అది సీసం కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మధ్యలో తినకూడదు.

నలభైలో అతి తేలికది 526 మిల్లీగ్రాములు, అతి బరువైనది 534. ఎక్కువ భాగం 528కీ 532కీ మధ్య. అంటే డబ్బా మొత్తంలో ఉన్న తేడా ఎనిమిది మిల్లీగ్రాములు, కాంటా ఒక్క మెట్టు పది మిల్లీగ్రాములు. పదిహేను వందల పెల్లెట్లు మూడు డబ్బాల్లోకి విడిపోయింది బరువును బట్టి కాదు, కూలర్ గాలిని బట్టి. ఇది చెప్పినప్పుడు ఆయన ముఖం చూసి బాధేసింది. రాత్రుళ్లు కూర్చొని చేసిన పని అది.

బరువులో ఆ తేడాకు టార్గెట్ మీద విలువ ఎంత? పెల్లెట్ గొట్టం నుంచి సెకనుకు 172 మీటర్ల చొప్పున బయలుదేరుతుంది. పది మీటర్లు పోయేసరికి 0.06 సెకను పడుతుంది, ఆ లోపు భూమి దాన్ని సుమారు 18 మి.మీ. కిందికి లాగుతుంది. సైట్లు ఆ 18ని ముందే సరిచేసి పెడతాయి. ఇచ్చే గాలి ఒకటే అయినప్పుడు బరువు ఒక శాతం పెరిగితే వేగం అర శాతం తగ్గుతుంది, పడిపోవడం ఒక శాతం పెరుగుతుంది, అంటే 0.18 మి.మీ. సగటు నుంచి నాలుగు మిల్లీగ్రాముల తేడా అంటే 0.75 శాతం, 0.13 మి.మీ., 0.05 పాయింటు. అమ్మాయికి పోతున్నది అర పాయింటు. బరువుకు అంత బలం లేదు.

తూటా కేసుల్లో మందు తూచి నింపుకునే విదేశాల దూరపు రైఫిల్ షూటర్ల పద్ధతులు చదివి, మన వాళ్లు అదే పట్టింపు పెల్లెట్ మీద చూపిస్తుంటారు. వాళ్ల మామూలు తరాజు మెట్టు 0.1 గ్రెయిన్, అంటే 6.5 మిల్లీగ్రాములు. నలభై గ్రెయిన్ల మందులో అది పావు శాతమే. మన 530 మిల్లీగ్రాముల పెల్లెట్‌లో అదే 6.5 మిల్లీగ్రాములు 1.2 శాతం. తరాజు ఒకటే, కొలిచే వస్తువు మారితే దాని పదును ఐదింతలు మొద్దుబారుతుంది. ఏదైనా తూచే ముందు వస్తువులో ఉన్న తేడా ఎంత, తరాజు మెట్టు ఎంత అని రెండూ పక్కపక్కన రాసుకోవాలి. మెట్టు ఆ తేడాలో ఐదో వంతుకు మించితే తూచడం వృథా.

ఇంకా ఏం ప్రయత్నించాం, ఏం ఫలించలేదు

పెల్లెట్ తల కొలత మార్చి చూశాం: 4.49, 4.50, 4.51 మి.మీ. ఈ గొట్టానికి 4.50 కొంచెం బాగుంది, పైకి పోయే షాట్లు మాత్రం పోలేదు. గొట్టం ఫెల్ట్ ముక్కలతో శుభ్రం చేశాం. సైట్ల మరలు, స్టాక్ బోల్టులు బిగువు చూశాం. తేడా లేదు.

తర్వాత చేసింది వైస్ పరీక్ష. మా వైపు నుంచి జరిగిన పెద్ద పొరపాటు ఇదే, దీని వల్ల ఆరు వారాలు పోయాయి. రైఫిల్‌ను వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే ఇనుప బిగింపులో) బిగించి, పది సెకన్లకొకటి చొప్పున పది షాట్లు కాల్చాం. రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు ఆరు మిల్లీమీటర్ల గ్రూపు. అంతకంటే ఏం కావాలి? రైఫిల్ బాగుంది, పెల్లెట్ బాగుంది, కాబట్టి తప్పు షూటర్‌దే అని తేల్చాం.

అలా తేల్చాక సలహాలు కూడా అటే నడిచాయి. ఊపిరి బిగబట్టి వదిలేస్తున్నావు, భుజం మీద బట్ జారుతోంది అని చెప్పాం. అన్నిటికంటే గట్టిగా చెప్పింది, ప్రతి కోచ్ చెప్పేదే: "చెడ్డ షాట్ పడితే వెంటనే ఇంకోటి కాల్చకు బిడ్డా. రైఫిల్ దించు, నీళ్లు తాగు, నాలుగు డ్రై ఫైర్లు (గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేసి అప్పుడు కాల్చు." ఆ అమ్మాయి తుచ తప్పకుండా పాటించింది. స్కోరు 607కు దిగింది.

మంచి సలహా పాటించాక స్కోరు పడిపోతే, పాటించినవారిని కాదు, ఆ సలహా రైఫిల్‌లో ఏం మారుస్తుందో చూడాలి. మేము వెంటనే చూడలేదు.

దారి దొరికిన చోటు

మా రేంజిలో కాగితపు టార్గెట్లు, పుల్లీ తాడు. ఏ షాట్ ఎప్పుడు పడిందో రికార్డు ఉండదు. హైదరాబాద్‌లో ఆడిన ఒక పోటీలో ఎలక్ట్రానిక్ టార్గెట్ ఇచ్చిన ప్రింటు అమ్మాయి ఫైలులో ఉంది. అందులో ప్రతి షాట్ పక్కన సమయం ఉంటుంది. రెండు షాట్ల మధ్య వ్యవధి లెక్కగట్టి, పైకి పోయిన వాటికి ఎర్ర చుక్క పెట్టాం. తొమ్మిది చుక్కల్లో ఎనిమిది, మూడు నిమిషాలకు మించి ఆగిన తర్వాత కాల్చినవే. నలభై యాభై సెకన్ల లయలో కాల్చిన వాటిలో ఒక్కటే ఉంది. చుక్కలు మొదటి ముప్పై షాట్లలో ఎక్కువ, చివరి ఇరవైలో తక్కువ. అలసట వల్ల అయితే ఇది తిరగబడి ఉండాలి.

డ్రై ఫైర్‌లో ఈ రైఫిల్ గాలి వదలదు. కాబట్టి నీళ్లు తాగి నాలుగు డ్రై ఫైర్లు చేసేసరికి నాలుగైదు నిమిషాలు గాలి లోపల కదలకుండా ఉంటుంది. ఆ తర్వాత వచ్చే షాట్ పైకి పోతోంది. మా సలహాయే ఆ షాట్లను పెంచింది. వైస్‌లో పది సెకన్లకొకటి కాల్చినప్పుడు ఇది కనబడే అవకాశమే లేదు. పోటీలో ఎలా కాలుస్తారో వైస్‌లో అలా కాల్చలేదు.

వేగం కొలవడం

అప్పుడు క్రోనోగ్రాఫ్, అంటే గుండు వేగం కొలిచే పరికరం, తెచ్చాం. గొట్టం మూతి నుంచి ఒక మీటరు దూరంలో పెట్టాం. ట్యూబ్‌లైట్ల కింద మొదటి అంకెలు 140, 210 అంటూ పిచ్చిగా వచ్చాయి. రెప్పలాడే వెలుతురు సెన్సర్‌ను మోసం చేస్తుంది. లైట్లు ఆపి, మూత పెట్టి, దాని సొంత దీపంతో కొలిస్తే నిలకడ వచ్చింది. పెల్లెట్లన్నీ ఒకే డబ్బావి, గేజ్ 190 బార్.

ముందు 45 సెకన్లకొకటి చొప్పున పది షాట్లు: సెకనుకు అతి తక్కువ 171.6 మీటర్లు, అతి ఎక్కువ 173.1. బాగున్నాయి. ఐదు నిమిషాలు ఆగి ఒకటి: 177.8. వెంటనే తర్వాతవి 173.0, 172.4. పది నిమిషాలు ఆగి ఒకటి: 180.2. మళ్లీ వెనక్కి 172.7. ఇదే వరసను మూడు రోజులు, మూడుసార్లు తిరగేశాం. అంకెలు కొద్దిగా అటూ ఇటూ అయినా తీరు మారలేదు.

వేగం ఆరు మీటర్లు పెరిగితే మూడున్నర శాతం. పడిపోవడం వేగం వర్గానికి విలోమంగా మారుతుంది కాబట్టి ఏడు శాతం తక్కువ పడుతుంది: 18లో ఏడు శాతం, 1.25 మి.మీ. పైకి. అర పాయింటు! వెతుకుతున్న అంకె అదే.

ఇక కారణం. గాలి 190 బార్ నుంచి రెగ్యులేటర్ ద్వారా తగ్గి, ఒక చిన్న గదిలో స్థిరమైన పీడనంతో నిలుస్తుంది. షాట్‌కు వాడే గాలి ఆ గదిది. గది నిండగానే రెగ్యులేటర్ పిస్టన్ మూతను సీటు మీద నొక్కి దారి మూసేయాలి. సీటు సరిగ్గా మూసుకోకపోతే సన్నగా కారుతూ గదిలో పీడనం పెరుగుతూ పోతుంది. దీన్ని రెగ్యులేటర్ క్రీప్ అంటారు. ఆగిన కొద్దీ పీడనం, ఆగిన కొద్దీ వేగం.

ఇంకో అనుమానం కూడా ఉంది. చాలాసేపు కదలకుండా ఉన్న వాల్వ్ ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) అంటుకుపోయినా మొదటి షాట్ తేడా వస్తుంది. రెండింటిలో ఏదో తెలియకుండా రైఫిల్ విప్పకూడదు, విప్పితే కొత్త తప్పులు చేరతాయి. అందుకే సిలిండర్ గేజ్ 100 బార్‌కు దిగాక అదే పరీక్ష చేశాం. ఐదు నిమిషాల తర్వాత షాట్ 174.9 మాత్రమే. అంటుకోవడమే అయితే సిలిండర్‌లో ఎంత ఉన్నా తేడా అంతే ఉండాలి. వెనక పీడనం సగానికి దిగితే తేడా కూడా సగానికి దిగింది, అంటే కారుతున్నదే. పోటీ మొదట్లో, సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు, ఎర్ర చుక్కలు ఎక్కువ ఉండటం కూడా దీనితో సరిపోయింది.

మరమ్మతు, గాలి

రైఫిల్‌ను సర్వీసు చేసేవారి దగ్గరికి పంపాం. అధిక పీడనం ఉన్న భాగం ఇంట్లో విప్పకూడదు. విప్పేముందు సిలిండర్ తీసి, లోపలి గాలి పూర్తిగా ఖాళీ చేయాలి. ఖనిజ నూనె గానీ మామూలు గ్రీజు గానీ తాకనివ్వకూడదు, ఎక్కువ పీడనం గాలిలో దానికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

విప్పిన రెగ్యులేటర్ ఫోటోలు వచ్చాయి. ప్లాస్టిక్ సీటు మీద వలయంలా నొక్కు, ఆ వలయంలో ఒకచోట ఆవగింజలో పావంత బూడిద రంగు రేణువు కూరుకుపోయి ఉంది. పిస్టన్ చుట్టూ తెల్లని పొడి, అల్యూమినియం తుప్పు. డిస్క్ స్ప్రింగ్ వాషర్ల అంచున ఎర్రటి మరక. నీరు చేరిన గుర్తులు.

నీరు చేతిపంపు నుంచి వచ్చింది. 30 డిగ్రీల వద్ద తేమ నిండిన గాలిలో ఘనమీటరుకు దాదాపు 30 గ్రాముల నీరు ఉంటుంది. దాన్ని 200 రెట్లు నొక్కితే ఆ తేమ ఆవిరిగా నిలవలేదు, నీరవుతుంది. వానాకాలంలో పావు లీటరు సిలిండర్ నింపడానికి పీల్చే గాలిలో గ్రాముకు పైగా నీరు ఉండొచ్చు. పంపు దానిలో కొంత పట్టుకుంటుంది, కానీ వీళ్లు ఆగకుండా నింపేవారు, కాలు దగ్గరి బ్లీడ్ స్క్రూ (గాలి, నీరు బయటికి వదిలే మర) చివర్లో ఒక్కసారే తిప్పేవారు, ఫిల్టర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ ఏడాదిగా మార్చలేదు.

సీటు, ఓ-రింగులు కొత్తవి వేశారు. వాషర్లు శుభ్రం చేసి, ఏది ఎటు తిరిగి ఉందో అదే వరసలో పేర్చి, సిలికోన్ గ్రీజు పలచగా రాశారు. ఆ వరస తారుమారైతే పీడనమే మారిపోతుంది. కొత్త సీటు కుదురుకోవడానికి వంద, రెండు వందల షాట్లు పడుతుంది. మొదటి రోజు ఐదు నిమిషాల షాట్ 174.6 వచ్చేసరికి ఇంటివాళ్లు కంగారుపడ్డారు. ఆగమన్నాం. రెండు వందల షాట్ల తర్వాత 172.9, పది నిమిషాలకు 173.2.

గాలి ఇప్పుడు హైదరాబాద్‌లో ఫిల్టర్ ఉన్న కంప్రెసర్‌తో నింపిన డైవింగ్ సిలిండర్ నుంచి తీసుకుంటున్నారు. వంద కిలోమీటర్లు, నెలకొకసారి. రైఫిల్ సిలిండర్‌లోకి నిదానంగా వదలాలి, తొందరపడితే వేడెక్కి 200 చూపి, చల్లారాక 185కు దిగుతుంది. చేతిపంపు తప్పనిసరైతే ముసురు రోజుల్లో వద్దు. యాభై పోట్లకొకసారి ఆపి, బ్లీడ్ తిప్పి, పంపు చల్లారాక మళ్లీ కొట్టాలి. జెల్ రంగు మారగానే మార్చాలి. సిలిండర్ మీది తయారీ తేదీ కూడా చూసుకోవాలి, పదేళ్లు దాటితే పోటీకి పనికిరాదు.

తర్వాత

మూడు నెలల్లో ఆరు మ్యాచ్‌లు 614కూ 618కీ మధ్య. ఇదంతా రెగ్యులేటర్ వల్లే అనలేను. తన చేతి మీద నమ్మకం తిరిగి రావడం కూడా అందులో ఉంది, ఆ రెండింటినీ విడదీసే కొలత మా దగ్గర లేదు. విడదీయగలిగింది ఒకటే: మూడు నిమిషాలు ఆగిన తర్వాతి షాట్లు, మిగతా షాట్ల సగటుతో సమానంగా పడుతున్నాయి.

రేంజిలో కొన్ని పద్ధతులు మార్చాం. వైస్ పరీక్ష రెండు విడతలు: పది షాట్లు 45 సెకన్ల లయలో, ఆ తర్వాత ఐదు నిమిషాల విరామంతో ఐదు. రెండో విడత గంటలో సగం తింటుంది, అయినా వదలం. సాధన డైరీలో స్కోరు పక్కన రెండు కొత్త గడులు గీశాం: ముందు షాట్ నుంచి ఎన్ని నిమిషాలు, గేజ్ మీద ఎంత. నిలువు తప్పుతో ఎవరు వచ్చినా ముందు క్రోనోగ్రాఫ్, దాని తర్వాతే తరాజు. వేగం నిలకడగా ఉండి కూడా షాట్ ఊగుతుంటేనే పెల్లెట్ వైపు వెళ్తాం, అప్పుడు కూడా తూచే ముందు రెండు మూడు లాట్లు (వేర్వేరు విడతల్లో తయారైన పెల్లెట్లు) వైస్‌లో కాల్చి చూస్తాం.

తూకం పూర్తిగా మానలేదు. పోటీకి వాడే డబ్బాలో అంచు నొక్కుకుపోయినవి కంటితో ఏరేశాక, మిగిలినవి మిల్లీగ్రాము తరాజు మీద ఒక చూపు చూస్తాం. సగటుకు ఏడెనిమిది మిల్లీగ్రాములు తప్పినది దొరికితే పక్కన పెడతాం. ఐదు వందల డబ్బాలో అలాంటివి ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. 0.52, 0.53, 0.54 డబ్బాలు మూడూ ఒకే గిన్నెలో కలిపేసి సాధనకు వాడించాం. ఐదు నిమిషాల షాట్ పరీక్ష ప్రతి నెల మొదటి ఆదివారం. ఇప్పటిదాకా చివరి అంకె 172.8.